సారె వార్తలు రాసే తీరు మార్చాలని విన్నపం

సంపాదకులు గారికి,

నమస్కారములు.

ఆషాఢం వచ్చిందంటే కొత్త అల్లుడి ఇంటికి వ్యాన్లలో తరలిన సారె ఫొటోలు, సంక్రాంతి వచ్చిందంటే అల్లుడి ముందు పరిచిన వందల రకాల పిండివంటల ఫొటోలు తెలుగు పత్రికలన్నిటిలోనూ కనబడడం కొన్నేళ్లుగా మామూలైపోయింది. మీ పత్రికా అందుకు మినహాయింపు కాదు. అయితే పెళ్లిళ్లకూ సారెలకూ అప్పుల పాలవుతున్న కుటుంబాల గురించి ఎంతో ఆవేదనతో రాసిన వ్యాసం కూడా మీ జిల్లా పేజీలోనే ఈ మధ్య చదివాను. ఈ రోజుల్లో సారె లేకుండా ఆడపిల్లను పంపే ఇల్లే లేదని, అందరూ ఈ పోటీలో కొట్టుకుపోతున్నారని ఆ వ్యాసకర్త బాధపడ్డారు. ఫొటో వార్తలో ఉన్నది మెచ్చుకోలు, వ్యాసంలో ఉన్నది విమర్శ. అయినా చదివినవారి మనసులో ఈ రెండూ చేసే పని ఒకటేనని, ఆ పని సారెను ఇంకా పెద్దది చేయడమేనని నేను నమ్ముతున్నాను. నేను డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం సమాజశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన దానిని. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చిన రాజాంలో ఉంటున్నాను. ఈ ఉత్తరం కొంచెం పొడుగైనా పూర్తిగా చదవవలసిందిగా కోరుతున్నాను.

ముందుగా సారె మీద నాకు వైరం లేదని చెప్పాలి. బయటి ప్రాంతాల వారికి ఇది ఆడంబరంగానే కనిపించవచ్చు గానీ, మా ప్రాంతంలో పుట్టిపెరిగిన ఆడవాళ్లకు దాని అర్థం వేరు. పెళ్లయి అత్తవారింటికి వెళ్లేటప్పుడు, సీమంతం అయ్యాక, పురుడు పోసుకుని బిడ్డతో తిరిగి వెళ్లేటప్పుడు, పండుగలకు, పుట్టింటివారు అరిసెలు, పాకుండలు, కజ్జికాయలు, సున్నుండలు, జంతికలు, చలిమిడి, పసుపు కుంకాలు, అరటిగెల, చీర పెట్టి పంపుతారు. అవి అత్తవారింట్లోనే ఉండిపోవు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు పళ్లాల్లో సర్ది, పైన గుడ్డ కప్పి, వీధిలో గడపగడపకూ వెళ్లి, ఇంటికి రెండు అరిసెలు, ఒక లడ్డూ, ఒక పండు, తమలపాకులో చిటికెడు పసుపు అని లెక్క ప్రకారం పంచుతారు. పెద్దవాళ్లు కొంగు పట్టి తీసుకుంటారు. ఆ పంపకంతో ఆ వీధికంతటికీ ఒక విషయం తెలుస్తుంది: ఈ కొత్త కోడలికి వెనక మనుషులున్నారు, పిలిస్తే పలుకుతారు, అవసరమైతే వచ్చి నిలబడతారు. పరాయి ఊళ్లో, తనకంటూ ఆస్తి గానీ మాట చెల్లుబాటు గానీ లేని పద్దెనిమిది, ఇరవై ఏళ్ల అమ్మాయికి అది చిన్న రక్షణ కాదు. తరగతిలో ఈ విషయం చెప్పినప్పుడల్లా అమ్మాయిలే ముందుగా తలలూపేవారు.

ఆ వంటలు చేసే పద్ధతి కూడా అప్పట్లో వేరుగా ఉండేది. బియ్యం నానబోసింది మొదలు పిండి దంచడం, పాకం పట్టడం, అరిసెలు ఒత్తడం వరకు ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి చేసేవారు. రేపు వాళ్లింట్లో సారె వేసినప్పుడు వీళ్లు వెళ్లి చేసేవారు. కాబట్టి సారె ఎంత పెద్దదైనా చేతనైన చేతులను మించి ఉండేది కాదు. పెళ్లిలో చదివింపులదీ ఇదే సంగతి. ఒక పెద్దమనిషి నోటుబుక్కు పట్టుకుని కూర్చుని ఎవరు ఎంత చదివించారో రాయడం చూసి, బంధుత్వాన్ని డబ్బుతో లెక్కపెడుతున్నారని నొచ్చుకునేవారు ఉన్నారు. ఆ పుస్తకం లేకపోతే మా పల్లెల్లో చాలా పెళ్లిళ్లు జరగవు. అది వడ్డీ లేని అప్పు. ఈ ఏడు మీ ఇంట్లో శుభకార్యానికి నేను ఇచ్చింది నా ఇంట్లో శుభకార్యానికి తిరిగి వస్తుంది. బహుమతి అనేది ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతలతో మనుషులను ముడివేస్తుందని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో రాసిన మాటకు ఇంతకంటే చక్కని ఉదాహరణ నేను విద్యార్థులకు చూపించలేకపోయాను.

మరి చెడిందెక్కడ? ఇప్పుడు చాలాచోట్ల సారె ఇంట్లో తయారు కావడం లేదు. మిఠాయి దుకాణంలో ఆర్డరిస్తే కిలోల లెక్కన అట్టపెట్టెల్లో వస్తుంది. చేతుల బలంతో ఉండే హద్దు పోయింది కనుక మిగిలిన హద్దు డబ్బు ఒక్కటే. అప్పు దొరుకుతున్నంత కాలం దానికీ హద్దు లేదు. వాటితోపాటు మంచం, బీరువా, ఫ్రిజ్, ఒక్కోచోట బండి కూడా సారె పేరుమీదనే బయలుదేరుతున్నాయి. మా జిల్లాల నుంచి విశాఖపట్నానికి, హైదరాబాదుకు, చెన్నైకి భవన నిర్మాణ పనులకు వలస వెళ్లే కుటుంబాలు ఎన్నో మీకు నేను చెప్పనక్కరలేదు. అక్కడ ఇటుకలు మోసి కూడబెట్టిన సొమ్ము ఇక్కడ ఒక్క రోజులో మిఠాయిలై వీధిలో పంపకమైపోతోంది. స్వయం సహాయక సంఘంలో తీసుకున్న రుణం పుస్తకంలో పాడిగేదె కోసమని ఉంటుంది, ఇంట్లో మాత్రం సీమంతం సారె ఉంటుంది. సంఘం లెక్కలు రాసే అమ్మాయిలను అడిగితే ఈ మాట దాచకుండానే చెబుతారు.

ఇదంతా ఎవరు కోరుకుంటున్నారని అడిగి చూడండి. మా వీధిలో తాపీమేస్త్రి ఇల్లాలు ఒకరు కూతురి పురుటి సారెకు అప్పు చేశారు. వియ్యాలవారు అడిగారా అంటే ఆమె అన్నమాట ఇది: "ఆల్లేటీ అడగనేదు మేడమ్‌గారూ. గానీ పంపకపోతే ఆ ఈదిలో మా పిల్ల తలెత్తుకు తిరగ్గల్దా?" కొన్నాళ్లకు పాలకొండ వైపు ఒక శుభకార్యంలో ఆ వియ్యపురాలినే కలిశాను. ఆమె గొంతు తగ్గించి, "అన్ని మిఠాయిలు మాకెందుకమ్మా, పంచగా మిగిలినవి చీమలు పట్టిపోనాయి. ఒద్దంతే ఆల్లు మనసు కష్టపెట్టుకుంతారు, ఈదిలోవోళ్లు ఏటనుకుంతారో అని ఊరుకున్నాం" అన్నారు. ఇక ఆ వీధిలోవాళ్లున్నారు. వాళ్లలో ఆడపిల్లలున్న ప్రతి ఇల్లాలూ పళ్లెంలోకి చూస్తూ ఎన్ని రకాలో లెక్కపెట్టుకుంది నిజమే. అయితే ఆ లెక్క ఈర్ష్యతో పెట్టుకున్నది కాదు, రేపు తన కూతురికి ఇంతకు తగ్గకుండా పెట్టాలి కదా అన్న బెంగతో పెట్టుకున్నది. పంపినవారికి ఇష్టం లేదు, పుచ్చుకున్నవారికి అక్కర లేదు, చూసినవారికి దిగులు. అయినా సారె వెళ్లింది, వచ్చే ఏడు మరొక ఇంటినుంచి ఇంకొంచెం పెద్దదిగా వెళుతుంది.

మా శాస్త్రంలో ఈ పరిస్థితి గురించి దాదాపు నూరేళ్లుగా చర్చ ఉంది. ఒక సమూహంలో చాలామందికి ఒక ఆచారం లోలోపల ఇష్టం లేకపోయినా, మిగతా అందరికీ ఇష్టమేనని ఎవరికి వారు అనుకుని నోరు మూసుకుంటే, ఆ మౌనమే ఒప్పుదలగా చెలామణీ అవుతుంది. ఇటీవలి ఉదాహరణ సౌదీ అరేబియాది. అక్కడి రియాద్ నగరంలో పెళ్లయిన యువకులను విడివిడిగా అడిగినప్పుడు, ఆడవాళ్లు ఇంటి బయట ఉద్యోగం చేయడం తమకు సమ్మతమేనని అత్యధికులు చెప్పారు. కానీ తమ చుట్టుపక్కలవారిలో అలా అనుకునేవారు తక్కువని అంచనా వేశారు. లియొనార్దో బర్‌స్టిన్, ఆయన సహచరులు 2020లో ప్రచురించిన ఈ పరిశోధనలో అసలు విశేషం ఆ తరువాతిది. మీ పక్కనున్నవారిలో నిజంగా ఎంతమంది సమ్మతిస్తున్నారో ఇదిగో చూడండి అని చెప్పగానే, తమ భార్యల పేర్లు ఉద్యోగాల కోసం నమోదు చేయించుకునేవారి సంఖ్య పెరిగింది. ఎవరూ వాళ్లకు ఉపన్యాసం ఇవ్వలేదు, అభిప్రాయం మార్చుకోమని అడగలేదు. పక్కవాడి మనసు వాళ్లకు తెలిసింది, అంతే. మేస్త్రి ఇల్లాలికీ, ఆమె వియ్యపురాలికీ తెలియవలసింది కూడా అదే.

చట్టం ఇక్కడ సాయపడదా అంటే, చాలావరకు పడదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టమే ఆచారం ప్రకారం ఇచ్చే, స్తోమతకు మించని పెళ్లి కానుకలను జాబితా రాసి ఉంచాలన్న షరతుతో మినహాయించింది. బిడ్డ పుట్టినప్పుడూ ఇతర వేడుకలప్పుడూ ఆచారం కొద్దీ ఇచ్చేవి కట్నం కిందికి రావని 2001లో సత్వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అది సరైన తీర్పే అనుకుంటాను; అరిసెల పళ్లెం పట్టుకెళ్లే తల్లిని పోలీసు స్టేషనుకు పిలిచే చట్టం ఎవరికీ అక్కరలేదు. అడిగి, బెదిరించి, హింసించి పుచ్చుకునే దాని సంగతి వేరు, దానికి శిక్షలున్నాయి, ఉండాలి. నేను మాట్లాడుతున్నది ఎవరూ నోరు తెరిచి అడగకుండానే ఇంటింటా పెరుగుతున్న భారం గురించి.

ఇలా అన్నప్పుడల్లా, అనాదిగా వస్తున్న ఆచారం, మారదండీ అనే జవాబు వస్తుంది. విజయనగరం జిల్లాలో ఉండి ఆ మాట అనడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ నాటకాన్ని 1897లో అచ్చువేసినప్పుడు గురజాడ అప్పారావు గారు తన పీఠికలో ఒక పట్టికను ప్రస్తావించారు. మహారాజా ఆనంద గజపతి ఆదేశం మీద తయారైన ఆ పట్టిక ప్రకారం అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో సామాన్య బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1,034. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవారు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురు పసిపిల్లల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. అప్పట్లో అదీ పెద్దల నుంచి వచ్చిన ఆచారమే, ఎదిరించినవారికి నలుగురిలో మాట దక్కేది కాదు. ఇప్పుడు ఆ ఆచారం ఎక్కడుంది? ఆడపిల్లకు వెల కట్టి పుచ్చుకున్న వర్గాల్లోనే రెండు మూడు తరాలు తిరిగేసరికి మగపిల్లవాడికి వెల కట్టి ఇచ్చుకోవడం ఆచారమై కూర్చుంది. ఇతర కులాల్లోనూ అంతే. మా అమ్మమ్మల నాటికి ఇక్కడి వ్యవసాయ, చేతివృత్తుల కుటుంబాల్లో చాలావాటిలో పెళ్లికొడుకు వైపువారే పిల్లకోసం ఓలి అనే సొమ్ము ఇచ్చేవారు. చదువు, ఉద్యోగం, కాస్త డబ్బు వచ్చిన కుటుంబాలు పైకులాల పద్ధతులను అందుకోవడంతో ఓలి నామోషీ అయింది, కట్నం హోదా అయింది. దిగువన ఉన్న కులాలు పై కులాల ఆచారాలను అనుసరించి పైకి రావాలని చూడడాన్ని ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లోనే కూర్గు ప్రజల మీద రాసిన పుస్తకంలో వివరించారు. మన దగ్గర దాని భారం ఆడపిల్లల తండ్రుల మీద పడింది. డబ్బు ఏ వైపు నుంచి ఏ వైపుకు వెళ్లాలన్న నియమమే ఒక శతాబ్దంలో తలకిందులైనప్పుడు, సారెలో ఎన్ని పెట్టెలుండాలన్నది మారదని ఎలా అంటాం?

ఇక పత్రికల సంగతికి వస్తాను. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఒక జాతీయ ఉద్యానవనం ఉంది. అక్కడ కోట్ల ఏళ్ల నాడు రాయిగా మారిన చెట్ల ముక్కలుంటాయి. సందర్శకులు వాటిని జేబుల్లో వేసుకుపోవడం పెద్ద బెడద. రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూశారు. దయచేసి ముక్కలు తీసుకుపోవద్దని మాత్రమే రాసిన బోర్డు ఉన్నచోట, గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో 1.67 శాతం పోయాయి. ఇంతకుముందు చాలామంది తీసుకుపోయారు, దానితో ఉద్యానవనం సహజత్వం దెబ్బతింది అని బాధపడుతూ రాసిన బోర్డు ఉన్నచోట 7.92 శాతం పోయాయి. రెండో బోర్డు ఉద్దేశం మంచిదే. కానీ చదివినవాడికి అందులో వద్దన్న మాటకంటే చాలామంది చేస్తున్నారన్న మాటే గట్టిగా వినిపించింది.

మీ జిల్లా పేజీలో వచ్చిన వ్యాసం ఆ రెండో బోర్డు లాంటిదని నా బాధ. సారె లేకుండా పంపే ఇల్లే లేదని పత్రికలో చదివిన తండ్రి, ఇంత పోటీ తప్పని తెలుసుకుని మానుకోడు. తానొక్కడే మానితే ఊళ్లో విడ్డూరంగా మిగిలిపోతానని నిర్ణయించుకుంటాడు. ఇక వ్యాన్ల ఫొటోల సంగతి చెప్పేదేముంది? ఎక్కడో గోదావరి ఒడ్డున బాగా కలిగిన కుటుంబం సరదాకొద్దీ పంపిన సారె మర్నాటికి చీపురుపల్లిలోనో ఆమదాలవలసలోనో ఒక మామూలు కుటుంబానికి కొలతబద్ద అయిపోతుంది. వాళ్ల డబ్బు, వాళ్ల ముచ్చట, మధ్యలో మీకేమిటి అని నన్ను అడిగినవారున్నారు. వాళ్లు పంపుకోవడం గురించి నాకు అభ్యంతరం లేదు, లక్షల మంది చూసేలా అచ్చువేయడం గురించే నా అభ్యంతరం. అచ్చులో కనిపించింది నలుగురూ చేసే పనిగా మనసుకు ఎక్కుతుంది. వెయ్యి ఇళ్లలో వంటింట్లోనే చేసిన నాలుగు రకాలతో సరిపెట్టుకున్నా ఆ వెయ్యి ఇళ్లకూ ఫొటో ఉండదు, ఎందుకంటే అందులో వార్త లేదు. అలా పాఠకులకు అసాధారణమైనదే రోజూ కనబడి, సాధారణమైనది ఎప్పుడూ కనబడక, లోకం తీరు గురించి తప్పుడు అంచనా ఏర్పడుతుంది. ఆ అంచనాతోనే మా ఇళ్లలో అప్పులు పుడుతున్నాయి.

నిజాన్ని దాచమని నేను అడగడం లేదు. అప్పుల పాలైన కుటుంబం గురించి రాయవలసిందే. ఆనంద గజపతి చేయించిన పట్టికనే గుర్తు చేసుకోండి. అందరూ అమ్ముకుంటున్నారని ఆయన అనలేదు. ఎన్ని పెళ్లిళ్లు, ఏ వయసు పిల్లలు, ఎంత సొమ్ము అని లెక్క తీయించారు. లెక్కకు ఒక హద్దు ఉంటుంది, ‘అందరూ’ అన్న మాటకు ఉండదు. పైగా లెక్క తీసేవారు రెండో ప్రశ్న కూడా అడగగలరు: ఇచ్చినవారిలో ఇష్టంగా ఇచ్చినవారెంతమంది, పుచ్చుకున్నవారిలో తగ్గించుకుంటే బాగుండునని అనుకున్నవారెంతమంది? మీ విలేకరులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఈ రెండో ప్రశ్నను నాలుగు ఊళ్లలో పేర్లు లేకుండా అడిగించి, వచ్చిన జవాబులను ఉన్నవి ఉన్నట్టు వేస్తే, వీధిలోవాళ్లు ఏమనుకుంటారోనని భయపడే ప్రతి ఇంటికీ ఆ వీధి మనసులోని మాట మొదటిసారి తెలుస్తుంది.

పత్రికలకూ రేడియోకూ ఇంత శక్తి ఉంటుందా అన్న సందేహానికి రువాండా అనుభవం జవాబు చెబుతుంది. 1994 నాటి నరమేధం తరువాత ఆ దేశంలో జాతుల మధ్య సయోధ్య కోసం ఒక రేడియో ధారావాహికను ప్రసారం చేశారు. ఏడాదిపాటు దాన్ని విన్న బృందాలను, మరో కార్యక్రమం విన్న బృందాలతో ఎలిజబెత్ లెవీ పాలక్ పోల్చి చూసి 2009లో ఫలితాలు ప్రచురించారు. శ్రోతల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. కానీ తమ సమాజంలో ఏది తగిన ప్రవర్తన, నలుగురూ ఏది హర్షిస్తారు అన్న భావన మారింది, దానితోపాటు వారి నడవడికా మారింది. మనుషుల మనసులు మార్చాలని పత్రికలు ఎంతో శ్రమపడుతుంటాయి. ఇతరుల మనసు ఎలా ఉందో తెలియజేయడం అంతకంటే తేలికైన పని, ఈ విషయంలో అంతకంటే ఫలితమిచ్చే పని.

అయితే ఒక్క కుటుంబానికి ధైర్యం చెప్పడం వల్ల ఒరిగేది తక్కువ. ఒక ఇల్లు మానితే ఆ ఇంటి పిల్ల నష్టపోతుంది, ఇది నిజమైన భయమే, దాన్ని పిరికితనమని కొట్టిపారేయకూడదు. చైనాలో ఆడపిల్లల పాదాలను చిన్నప్పుడే బిగించి కట్టే ఆచారం సుమారు వెయ్యేళ్లు ఇదే భయం మీద నిలిచింది. కట్టని పిల్లకు పెళ్లి కాదన్నారు. 19వ శతాబ్దం చివర అక్కడ వెలిసిన సంఘాల్లో చేరిన తల్లిదండ్రులు ఒకేసారి రెండు ప్రమాణాలు చేశారు. మా కూతుళ్ల పాదాలు కట్టము, పాదాలు కట్టిన పిల్లను మా కొడుకులకు చేసుకోము. రెండో ప్రమాణమే మొదటిదానికి బలం. జెరీ మాకీ అనే పరిశోధకుడు 1996లో రాసిన వ్యాసంలో చూపినట్టు, బీజింగుకు దక్షిణాన ఉన్న తింగ్‌షియన్ అనే పల్లెప్రాంతంలో 1889లో 99 శాతం ఉన్న ఈ ఆచారం 1899లో 94 శాతానికి, 1919 నాటికి సున్నాకు వచ్చింది. కూతురి పక్షం, కొడుకు పక్షం కలిసి ఒకే చోట ఒకే మాట చెప్పడం వల్ల ఇది సాధ్యమైంది. మా పల్లెల్లో ప్రతి ఇంటా కూతుళ్లూ కొడుకులూ ఉన్నవారే ఎక్కువ కాబట్టి, కూతురి తల్లిగా పడే బాధను కొడుకు తల్లిగా తీర్చే అవకాశం ఒక్కొక్కరికీ ఉంది.

ఇంత దూరం పోనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చే ఆడవాళ్లు సారా దుకాణానికి ఎదురు తిరిగినప్పుడు అది ఒక ఊరి సంగతి. మరో ఊరి ఆడవాళ్లకు అది తెలియడంలో పత్రికల పాత్ర పెద్దది. తెలుగు దినపత్రికలు ఈ రోజు ఏ ఊళ్లో ఎవరు దుకాణం మూయించారో రోజూ చోటిచ్చి రాశాయి. ప్రతి ఊరూ తాను ఒంటరి కాదని తెలుసుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండోది 1997లో సడలిపోయిందన్న మాట నిజమే; ఆ కథలో ప్రభుత్వ ఖజానా పాత్ర వేరు. కానీ తాగి వచ్చి కొట్టడం మగవాడి సహజ గుణమని సర్దుకుపోయిన పల్లెల్లో, అది సహించరాని పని అన్న మాట బహిరంగంగా అనడానికి ఆడవాళ్లకు నోరు వచ్చింది ఆ రెండేళ్లలోనే. ఆ పని అప్పట్లో మీలాంటి పత్రికలే చేశాయి కనుకనే ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను.

భారీ సారె, వందల రకాల విందు వార్తలను ఆపేయగలిగితే మంచిది. ఆపలేకపోతే కనీసం ఔరా అన్న ధోరణిలో మొదటి పేజీలో వేయకండి. విమర్శ వ్యాసాల్లో అందరూ, ఎక్కడ చూసినా, లేని ఇల్లే లేదు వంటి మాటలు కనిపిస్తే ప్రచురణకు ముందు వాటి ఆధారం అడగండి. రెండు వైపుల పెద్దలూ కూర్చుని సారెను ఇంటి పిండివంటలకు, చలిమిడికి, చీరకు పరిమితం చేసుకున్న సంబంధాలు మా చుట్టుపక్కలే ఉన్నాయి. వాటి గురించి ఆదర్శ వివాహాలని ఆకాశానికెత్తకుండా మామూలు కుటుంబాలు చేసిన మామూలు పనిగా రాయండి. ఆదర్శం అనగానే అది మనవల్ల అయ్యేది కాదని జనం పక్కన పెట్టేస్తారు. కోడలి వీధికి పుట్టింటి పళ్లెం వెళ్లడం మాత్రం ఆగకూడదు, ఆ పిల్లకు మనుషులున్నారని తెలియాలి. ఇక్కడ మిఠాయి దుకాణాల మీద బతికే కుటుంబాల గురించీ ఆలోచించాను. పండుగలూ శుభకార్యాలూ ఎక్కడికీ పోవు గనుక ఆ వ్యాపారానికి వచ్చే లోటు పెద్దదిగా ఉండదని నా అంచనా.

ఈ ధనుర్మాసంలో నెలగంట పెట్టాక మా వీధి స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు సంక్రాంతి సారెలో ఏయే రకాలు ఉండాలి, ఎంతవరకు ఉండాలి అన్నది కూర్చుని మాట్లాడుకోవాలని అనుకుంటున్నారు. కూతుళ్లను ఇచ్చిన ఊళ్లలోని వియ్యపురాళ్లను కూడా పిలుస్తున్నారు. తేదీ కుదరగానే మీ రాజాం విలేకరికి తెలియజేస్తాను. ఒప్పుకున్నవారి ఫొటోలే తీయాలని, అప్పుల వివరాలు ఎవరి పేరుతోనూ రాయకూడదని వారి కోరిక. ఎంతమంది వచ్చారు, ఏమని తీర్మానించారు, ఎవరు ఒప్పుకోలేదు, ఎందుకు ఒప్పుకోలేదు అన్నవి మాత్రం పూర్తిగా రాయండి.

ఇట్లు,
సమాజశాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలు,
రాజాం, విజయనగరం జిల్లా.